శాలువా వద్దన్న టీచర్ (మన బడుల చరిత్ర - 9)



ఈ వారం హాస్టళ్ల గురించి రాస్తానన్నాను. అది వచ్చే భాగంలో. ముందు మా రాంనగర్ ముచ్చట ఒకటి చెప్పాలి.

మా బస్తీ సర్కారు బడిలో 30 ఏళ్లకు పైగా లెక్కలు చెప్పిన టీచర్ రిటైరయ్యారు. పాత విద్యార్థులం చందాలు మొదలుపెట్టాం. శాలువా, మెమెంటో, చౌరస్తాలో ఫ్లెక్సీ. సంగతి తెలిసి ఆమె ఒకటే అన్నారు: "ఆ పైసలతోని ఇద్దరు పిల్లలను ఇంటర్ దాటియ్యండ్రి. శాలువా నేనేం జేస్కోను?" అట్లా ఆమె పేరు మీద స్కాలర్‌షిప్ నిధి మొదలైంది. వెంటనే పంచాయితీ కూడా మొదలైంది. ఎవరికివ్వాలి? పదో తరగతిలో ఫస్ట్ వచ్చినోళ్లకు అని సగం మంది.

నేను ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పాలంటే వందేళ్లు వెనక్కి పోవాలి.

రాంనగర్ నుంచి చాదర్‌ఘాట్ ఎంత దూరం? అక్కడి ఆది హిందూ భవన్ చూడని విద్యార్థులు ఒకసారి పోయి రండి. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, 1910లో సొంత డబ్బుతో మన పిల్లలకు చదువు చెప్పించడం మొదలుపెట్టారు. అది 25 కేంద్రాలు, 2,000 మందికి పైగా పిల్లల దాకా పెరిగింది. మార్కులు చూసి చేర్చుకున్న బడులు కావవి. అసలు బడి గడప తొక్కనివ్వని పిల్లల కోసం పెట్టినవి. వర్మ జయంతి మే 22న చేసుకుంటాం, మంచిదే. ఆ బడుల్లో పలక పట్టించిన పంతుళ్ల పేర్లు మాత్రం మన సభల్లో వినపడవు.

పైసల సంగతికొస్తే, బాబాసాహెబ్ 1913లో కొలంబియాకు పోయింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీదనే. అది ఒక రాజు దయ. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో చేరిన ఏడాదే ఆయన మెమొరాండం ఇచ్చి, ఎస్సీ విద్యార్థులకు ఏటా 3 లక్షల గ్రాంటు సాధించారు. 1944 నుంచి నడుస్తున్న పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వెనుక ఉన్నది ఆ పట్టే. మన హైదరాబాద్‌లో బి.ఎస్. వెంకట్రావు నిజాం ప్రభుత్వంలో విద్యామంత్రిగా ఉండి దళితుల చదువు కోసం కోటి రూపాయల నిధి పెట్టించారు. అప్పటి కోటి! దయగా దొరికినదాన్ని హక్కుగా మార్చిన వాళ్లు వీళ్లు.

మరి హక్కు ఉండగా మా చిన్న నిధి దేనికి? స్కాలర్‌షిప్ మంజూరైనా పైసలు పడేది ఎప్పుడో. ఈలోపు ఫీజు కట్టలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతాయి. పిల్ల షాపులో పనికి కుదురుతుంది, మళ్లీ రాదు. మా నిధి ఆ నడుమ నెలల కోసం. ప్రభుత్వం ఇవ్వాల్సింది అడగడం మానేయడానికి కాదు, ధర్నా వేరే ఉంటుంది.

చివరికి టీచరమ్మనే అడిగాం. "ఫస్టొచ్చినోనికి కార్పొరేట్ కాలేజోడే ఫ్రీ సీటిస్తడు. నాకు తప్పినోళ్ల లిస్టు కావాలె," అన్నారు. దరఖాస్తులో మార్కుల గడి కొట్టేశాం. ఇప్పుడామె పాత హాజరు గుర్తు చేసుకుంటూ, మధ్యలో బడి మానేసిన పిల్లల ఇండ్లు గల్లీ గల్లీ తిరిగి చూపిస్తున్నారు. నిన్న మూడు ఇండ్లకు పోయాం. ఒకటి తాళం వేసి ఉంది, మళ్లీ ఆదివారం పోవాలి.