ఒకరి మాట ఒకరికి తెలియని నౌకలు

1942 ఫిబ్రవరి 27వ తేదీ సాయంకాలం జావా ద్వీపానికి ఉత్తరాన ఉన్న సముద్రంలో 14 యుద్ధనౌకలు బారు తీరి సాగుతున్నాయి. వాటిలో 5 క్రూయిజర్లు, 9 డిస్ట్రాయర్లు. జెండాలు మాత్రం నాలుగు: అమెరికా, బ్రిటన్, హాలెండు, ఆస్ట్రేలియా. నాయకుడు కారెల్ డోర్మన్ అనే డచ్చి అడ్మిరల్. మన భీమునిపట్టణంలో సమాధులు విడిచిపోయిన ఆ డచ్చివారి జాతివాడే.

ఎదుట జపాను నౌకాదళం. వారి క్రూయిజర్లు 4, డిస్ట్రాయర్లు 14. సంఖ్యలను మాత్రమే చూచినవారికి ఇది సరిజోడు పోరాటమనే తోచవచ్చు. కాని జపానువారు ఏళ్ల తరబడి కలిసి సాధన చేసినవారు. డోర్మన్ నౌకలు అంతకుముందు ఏనాడూ ఒక్క దళంగా విన్యాసాలు చేసి ఎరుగవు. అన్నిటికీ ఉమ్మడియైన సంకేతగ్రంథం లేదు. డోర్మన్ డచ్చి భాషలో ఇచ్చిన ఆజ్ఞను, ఆయన నౌకమీదనే ఉన్న ఒక అమెరికన్ అధికారి ఇంగ్లీషులోకి మార్చి తక్కిన నౌకలకు అందజేయవలసి ఉండేది. ఫిరంగులు మ్రోగుతున్నప్పుడు దుబాసీ ద్వారా యుద్ధం నడపడం ఎటువంటిదో ఊహించుకోవచ్చు.

పోరు మొదలైన గంటలోపుగానే బ్రిటిషు క్రూయిజరు ఎక్సెటర్ బాయిలర్ల గదిలో గుండు పడింది. వేగం తగ్గి ఆ నౌక బారునుంచి పక్కకు తిరిగింది. వెనుక వస్తున్న నౌకలు దానిని చూచి, ఏదో ఆజ్ఞ వచ్చి ఉంటుంది, మనకు అందలేదు కాబోలు అనుకొని తామూ తిరిగాయి. నాయకుని నౌక డి రాయ్టర్ మాత్రం ముందుకు సాగిపోయింది. కొంతసేపటికి అమెరికన్ డిస్ట్రాయర్లకు ఎదురుదాడి చేయమని ఒక ఆజ్ఞ, దానిని రద్దుచేస్తూ ఇంకొకటి, పొగతెర వేయమని మరొకటి వరుసగా వచ్చాయి. ఆ రాత్రి డి రాయ్టర్, జావా అనే రెండు డచ్చి క్రూయిజర్లు టార్పెడోలకు బలి అయ్యాయి. డోర్మన్ తన నౌకతోపాటే మునిగిపోయాడు. మిగిలిన ఆస్ట్రేలియా నౌక పెర్త్, అమెరికా నౌక హ్యూస్టన్ మరునాటి రాత్రి సుందా జలసంధిలో అంతమయ్యాయి.

ఓటమికి ఇదొక్కటే కారణమనడం న్యాయం కాదు. జపాను టార్పెడోలు బహుదూరం పోగలిగినవి. వారికి ఆకాశంనుంచి చూచి చెప్పే విమానాలున్నాయి. మిత్రులకు అవీ లేవు, విశ్రాంతీ లేదు. అయినా ఒక వరుసలో నడిచే నౌకలు ఒకదాని మనస్సు ఒకటి ఎరుగకపోవడం ఆనాటి విపత్తును ఎన్నోరెట్లు పెంచిందని నా అభిప్రాయం.

ఆ ఓటమి ఫలితం మన గడపదాకా వచ్చింది. మార్చిలో జావా జపాను వశమైంది. ఏప్రిల్ మొదటి వారంలో వారి నౌకలు బంగాళాఖాతంలో ప్రవేశించాయి. 6వ తేదీన ర్యూజో అనే విమానవాహక నౌకనుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మూటాముల్లె సర్దుకొని పల్లెలకు తరలిన కుటుంబాలలో ఆ కథ పెద్దల నోట మనుమల దాకా వచ్చింది. నాటి బాంబు ఒకటి విశాఖ సంగ్రహాలయంలో ఉన్నది.

యుద్ధానంతరం నౌకాదళాలు చేసిన మొదటి పనులలో ఒకటి ఉమ్మడి సంకేతాలను ఏర్పరచుకోవడం. 1952 సెప్టెంబరులో ఉత్తర అట్లాంటిక్ కూటమి జరిపిన విన్యాసాలలో 200 నౌకలు పాల్గొన్నాయి. 1950ల కాలంలో సింహళంలోని త్రింకోమలీ వద్ద బ్రిటిషు, భారత, పాకిస్తాన్, సింహళ నౌకలు కలిసి సాధన చేసేవి. భారత, పాకిస్తాన్ నౌకలు ఒకే వరుసలో సాగిన రోజులు కూడా ఉన్నాయని నేటివారికి చెబితే నమ్మరు.

ఇక మలబారు విన్యాసాల సంగతి. ఇవి 1992లో భారత, అమెరికా నౌకాదళాల మధ్య మొదలైనవి. 1998 అణుపరీక్షల తరువాత ఆగిపోయి, 2002లో తిరిగి సాగాయి. 2007 సెప్టెంబరులో ఆ పేరు గల విన్యాసాలు బంగాళాఖాతానికి వచ్చాయి. భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, సింగపూరు దేశాల నౌకలు 25కు పైగా చేరాయి. వాటిలో మూడు విమానవాహక నౌకలు. వామపక్షాలవారు కలకత్తానుంచి ఒకటి, మద్రాసునుంచి ఒకటి జాతాలు బయలుదేరదీసి విశాఖలో కలిపారు. పెద్ద దేశంతో కలిసి నడిచే అలవాటు క్రమంగా దాని వెంట నడిచే అలవాటుగా మారుతుందేమో అన్నది వారి భయం. అది కొట్టివేయదగిన మాట కాదు. అమెరికాతో జపానుకు, ఆస్ట్రేలియాకు రక్షణ సంధులున్నాయి; మనకు అట్టి సంధి లేదు, అవసరమని ప్రభుత్వాలూ అనలేదు. రహస్య సమాచార పరికరాల ఒప్పందం కూడా చాలాకాలం నానిన తరువాత 2018లో గాని కుదరలేదు. చూడగా, ఇక్కడ కూడా చివరకు తెగవలసిన ప్రశ్న డోర్మన్ నాటిదే: ఒకరి మాట ఒకరికి ఎలా వినబడాలి, ఎంతవరకు వినబడాలి?

విన్యాసమంటే తుపాకులు పేల్చడమే అనుకుంటాము. అందులో అధికభాగం ఓర్పుతో చేసే పని. రెండు నౌకలు కొద్ది గజాల ఎడంతో సమానవేగాన నడుస్తూ ఉండగా గొట్టం వేసి నూనె అందించుకోవడం, ఒకరి హెలికాప్టరు మరొకరి నౌకమీద దిగడం, నీటి అడుగున దాగిన జలాంతర్గామిని నలుగురూ కలిసి పసిగట్టడం. ఈ సాధన అక్కరకు వచ్చేది యుద్ధంలోనే కాదు. 2004 డిసెంబరు 26న ఉప్పెన విరుచుకుపడినప్పుడు మన హెలికాప్టర్లు ఆ రోజే శ్రీలంక చేరాయి. కొద్దిదినాలలో సహాయకార్యక్రమాన్ని సమన్వయపరచడానికి భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా ఒక జట్టుగా ఏర్పడ్డాయి.

2015లో జపాను మలబారు విన్యాసాలలో శాశ్వత భాగస్వామి అయింది. 2020లో ఆస్ట్రేలియా మరల వచ్చి చేరింది. ఆ ఏటి నవంబరులోను, 2024 అక్టోబరులోను ఈ నాలుగు దేశాల నౌకలు విశాఖ సముద్రంలో కలుసుకొన్నాయి. పెర్త్‌ను, హ్యూస్టన్‌ను కోల్పోయిన దేశాలు, వాటిని ముంచిన దేశం, ఆ మునక తరువాత బాంబులు పడిన తీరం, నాలుగూ ఒక్కచోట.

జావా సముద్రగర్భంలో డి రాయ్టర్, జావా నౌకల శిథిలాలను 2002లో గజ ఈతగాళ్లు కనుగొన్నారు. యుద్ధం జరిగి 75 ఏళ్లు కావస్తున్న సందర్భంగా 2016లో మళ్లీ దిగి చూచిన వారికి అక్కడ ఇసుకలో గుంటలే కనిపించాయి. వందలాది నావికుల సమాధులైన ఆ నౌకలను దొంగలు ఇనుముకోసం, కంచుకోసం ముక్కలు చేసి పట్టుకుపోయారు.