కంచు రౌతు ముఖం

పుష్కిన్ మహాకవి 1833లో రచించిన కావ్యం వల్ల, పీటర్స్‌బర్గు నగరంలోని పీటరు చక్రవర్తి అశ్వవిగ్రహానికి ‘కంచు రౌతు’ అన్న పేరు స్థిరపడిపోయింది. దాని శిల్పి ఫాల్కొనే అని అందరూ చెబుతారు. కాని పీటరు తలను మలచింది ఆయన శిష్యురాలు మారీ-ఆన్ కొలో. కళాచరిత్ర ఆమెకు ఒక్క వాక్యం కేటాయించి ఊరుకోవడం నాకు న్యాయంగా తోచదు.

కొలో 1748లో పారిస్‌లో పుట్టింది. లెమోయిన్ దగ్గరా, ఆపైన ఫాల్కొనే దగ్గరా పని నేర్చింది. ఆమె ముఖశిల్పాన్నే ఎందుకు చేపట్టింది? అది స్త్రీస్వభావానికి తగిన కళ అని కొందరనవచ్చు. అసలు కారణం అంతకన్న భౌతికమైనది. నగ్నదేహాన్ని ఎదుట పెట్టుకొని అభ్యసించే తరగతుల్లోకి ఫ్రెంచి రాజ అకాడమీ స్త్రీలను రానివ్వలేదు. ఆ చదువు లేనిదే పురాణ, చారిత్రక శిల్పాలు దుస్సాధ్యం. ఇక మిగిలింది ముఖం. ఆ ఇరుకు చోటులోనే ఆమె గురువును మించింది. ఆమె చేసిన దిదెరో బస్టును చూసి ఫాల్కొనే తాను చేసిన దిదెరో బస్టును పగలగొట్టాడని దిదెరోయే రాశాడు.

1766లో, 18 ఏళ్ల వయసులో, ఆమె గురువు వెంట రష్యా వెళ్లింది. మరుసటి ఏడే అక్కడి కళా అకాడమీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. ఫాల్కొనే చేసిన పీటరు తల నమూనాలు కాథరిన్ రాణికి నచ్చలేదు; కొలో చేసిన తల నచ్చింది. రాణి పింఛను ఇచ్చింది. ఆ తల శిష్యురాలిదేనన్న సంగతిని గురువు దాచలేదు.

అయినా 1782లో ఆవిష్కరించిన ఆ విగ్రహం ఏం చెబుతున్నది? పీఠశిల మీద ఉన్నవి రెండే పేర్లు: పీటరు, కాథరిన్. పీటరు వస్త్రపు మడతలో ఫాల్కొనే పేరుంది. కొలో పేరు ఎక్కడా లేదు. వెయ్యి టన్నులకు పైబడిన ఆ పీఠశిలను, గడ్డకట్టిన నేల మీదుగా ఫిన్లండు సింధుశాఖ ఒడ్డుకు లాగిన సుమారు 400 మంది శ్రామికుల పేర్లూ లేవు. ఆమెకు దొరికిన పింఛను వాళ్లకు దొరకలేదు. మరుపు మాత్రం అందరికీ సమానంగా దక్కింది.

1777లో ఆమె ఫాల్కొనే కొడుకును పెళ్లాడింది. ఆ కాపురం సుఖపడలేదు. 1783లో మామగారికి పక్షవాతం వచ్చింది. 1791లో ఆయన చనిపోయేదాకా సేవ చేసింది ఆమే. అప్పటితో ఆమె శిల్పం ఆగిపోయింది. అప్పటికి ఆమెకు 35 ఏళ్లు. ఆమె 1821 దాకా బ్రతికింది.

విద్యార్థులకు ఆ విగ్రహాన్ని చూపేటప్పుడు ముఖం చేసిందెవరో, బండ లాగిందెవరో మనం చెప్పాలి. ఆ చేతులు ఎందుకు ఆగిపోయాయో కూడా చెప్పాలి.