పేరు చివర ఆ అంకె ఎందుకు?

మా రాతలు పొడుగని కొందరి ఫిర్యాదు. ఈసారి కుదించి రాస్తున్నాం.

మనం డెంకణికోట అంటాం, తమిళంలో తేన్‌కనిక్కోట్టై అని రాస్తారు. ఊరు ఒకటే, పేర్లు రెండు. కంప్యూటరులో దీనికి తలకిందుల తకరారు ఒకటి ఉంది: పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. దానివల్ల మన తెలుగు కొన్నేళ్లు తెరమీద ముక్కలై కనబడింది.

2000లో వచ్చిన విండోస్‌లో హిందీ, తమిళం సరిగ్గా చూపే ఏర్పాటు ఉండింది. తెలుగు, కన్నడలకు 2001 అక్టోబరులో ఎక్స్‌పీ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళంగా పెరిగినవాళ్లం మేము. ఇక్కడ కూడా మనం రెండో వరసే అనిపించింది. తమిళంలో వత్తుల బాధ తక్కువ అన్న మాటా నిజమే.

అక్షరాలు కూర్చే ఈ పని చేసేది యూఎస్‌పీ10.డీఎల్‌ఎల్ అనే ఒక ఫైలు. ఇలాంటివాటిని లైబ్రరీ అంటారు. ఒకే ఫైలును పది ప్రోగ్రాములు పంచుకుంటాయి. అది పాతదైతే 'స్త్రీ' కాస్తా 'స్‌త్‌రీ' అయి కూర్చుంటుంది. పేరులోని 10కి అర్థం 1.0. ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ నాటికి, అంటే 2004కి, లోపలి వెర్షన్ 1.420కి చేరింది. పేరులో మాత్రం అదే 10! పాతదో కొత్తదో తెలియాలంటే ప్రాపర్టీస్ తెరిచి చూడాల్సిందే. సిస్టమ్ ఫోల్డరులో మారిస్తే విండోస్ మళ్ళీ పాతదే తెచ్చి పెట్టేది. అందుకని తెలిసినవాళ్లు కొత్త ఫైలును ఆ ప్రోగ్రాము ఫోల్డరులోనే వేసుకునేవారు.

ఒక ప్రోగ్రాము తన లైబ్రరీని అదే పేరుతో పాతదాని మీద రాసేస్తే ఇంకొక ప్రోగ్రాము పడిపోయేది. ఈ తంటాకు 'డీఎల్‌ఎల్ నరకం' అని పేరే పెట్టారు. తర్వాత మైక్రోసాఫ్ట్ తన సీ లైబ్రరీ పేర్లలో 71, 80, 90, 100 అని అంకెలు చేర్చింది. అప్పుడు అన్నీ పక్కపక్కనే ఉండగలిగాయి. లినక్స్‌వాళ్లకు ఈ అలవాటు ముందునుంచే ఉంది: లిబ్‌సీ.ఎస్‌ఓ.5 పక్కన 1997లో లిబ్‌సీ.ఎస్‌ఓ.6 వచ్చింది. పాత ప్రోగ్రాములు 5నే పిలుచుకున్నాయి, కొత్తవి 6ని.

ఆ 6 నేటికీ 6గానే ఉంది. లోపల ఎన్నో వెర్షన్లు మారాయి, పేరు మారలేదు. మైక్రోసాఫ్ట్‌లోనూ 2015లో వచ్చిన 140 అలాగే నిలిచింది. రైల్వేలో పనిచేసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మా కౌంటర్లలో కోచింగ్ టారిఫ్ నంబరు 26 అనే పుస్తకం ఉండేది. నియమం మారితే కరెక్షన్ స్లిప్పు అతికిస్తాం, అట్టమీది 26 జోలికి పోము. ఫైలు పేరులోని అంకె కూడా 'కొత్తది వచ్చింది' అని చెప్పేది కాదు. 'పాత ప్రోగ్రాము ఇక నాతో పనిచేయదు, దాని జతను అది వెతుక్కోవాలి' అని చెప్పేది. చిన్న సవరణకల్లా అంకె మారిస్తే ప్రతి ప్రోగ్రామునూ మళ్ళీ తయారుచేయాలి; మార్చాల్సినచోట మార్చకపోతే మన 'స్త్రీ' గతే.

అందుకే సంఘం కంప్యూటరులో "ఒకే ఫైలు నాలుగు అంకెలతో ఉంది, మూడు తీసేద్దామా" అని అడిగే పిల్లలకు మేము వద్దంటున్నాం. పాత తెలుగు జాబితాలు తెరిచే ప్రోగ్రాము ఆ నాలుగింటిలో దేన్ని పిలుస్తుందో పైకి కనబడదు. స్థలం కావాలంటే పెళ్లి వీడియోలు తీసేయండి.

అన్నట్టు, యూఎస్‌పీ10 అదే పేరుతో విండోస్ 11లో ఇప్పటికీ ఉంది.