గొర్రుకు చేరిన రెండో జడ్డిగం: ఎరువు – విత్తన సాధనాల చరిత్ర, ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

మెట్ట సేద్యంలో గింజను సాళ్లలో విత్తే గొర్రు ప్రాచీన సాధనం. దానికి ఎరువు వేసే అమరిక చేరడం మాత్రం ఇరవయ్యో శతాబ్దపు పరిణామం. ఈ ఆలస్యానికి కారణం రైతు వెనుకబాటుతనం కాదని, ఎరువు భౌతిక రూపం, దాని పంపిణీ జరిగిన ప్రాంతాల క్రమం అసలు కారణాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ మార్పులో విత్తే స్త్రీల నైపుణ్యం చరిత్రకు అందకుండా పోయిన తీరును కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: గొర్రు, జడ్డిగం, మెట్ట సేద్యం, రసాయనిక ఎరువులు, వృత్తి పదాలు, స్త్రీల శ్రమ.

1. ఉపోద్ఘాతం

నాగలి మన సాహిత్యంలోనూ చరిత్ర రచనలోనూ విరివిగా కనిపిస్తుంది. గొర్రు ఆ గౌరవానికి నోచుకోలేదు. నిజానికి నిర్మాణపరంగా గొర్రు నాగలికంటే సంక్లిష్టమైనది. మొద్దుకు బిగించిన పళ్లు సాళ్లు తీస్తాయి. పైనున్న గిన్నెవంటి జడ్డిగంలో పోసిన గింజ దాని అడుగునున్న రంధ్రాల గుండా గొట్టాల్లోకి, అక్కడినుంచి సాళ్లలోకి జారుతుంది. గింజ లోతు, సాళ్ల మధ్య ఎడం ముందే నిర్ణయమై ఉంటాయి. కనుకనే పైరు పెరిగాక సాళ్ల మధ్య గుంటక తోలడం సాధ్యమవుతుంది.

ఈ సాధనం ఇక్కడ ఎంత పాతదో 18వ శతాబ్దంలోనే నమోదైంది. కెప్టెన్ హాల్కాట్ అనే ఆంగ్లేయ సైనికాధికారి దక్షిణ భారతంలోని గొర్రు సేద్యాన్ని గురించి 1795లో వివరంగా రాశాడు. గొర్రు ఐరోపావారి నూతన కల్పన అని అంతవరకు తాను అనుకున్నానని, ఇక్కడ అది అనాదిగా వాడుకలో ఉందని తెలిసిందని అతడు ఒప్పుకొన్నాడు. ధరంపాల్ 1971లో ప్రచురించిన 18వ శతాబ్ది భారతీయ విజ్ఞాన సాంకేతికతల సంకలనం ఈ రచనను మళ్లీ వెలుగులోకి తెచ్చింది.

విత్తనాన్ని ఇంత నేర్పుగా నేలలో చేర్చిన సాధనానికి ఎరువు కూడా వేసే ఏర్పాటు అంతకాలం ఎందుకు లేకపోయిందన్నది ఇక్కడ తలెత్తే ప్రశ్న.

2. ఎరువు రూపం – సాధన రూపం

ఈ ప్రశ్నకు సమాధానం ఎరువు స్వభావంలోనే ఉంది. పశువుల పెంట, గొర్రెల మంద వదిలే ఎరువు, చెరువు మట్టి బండ్లకొద్దీ తోలి పొలమంతా పరచవలసినవి. అవి గొట్టంలో జారవు, సాలులో ఇమడవు. అందువల్ల ఎరువు దుక్కికి ముందు జరిగే పని అయింది, విత్తడం దుక్కి తరువాతి పని అయింది. ఈ రెండు పనులకు కాలం వేరు, పనివారు వేరు, పరికరాలు వేరు.

ఐరోపా చరిత్ర కూడా ఇదే విషయాన్ని మరో విధంగా నిరూపిస్తుంది. 18వ శతాబ్దారంభంలో ఇంగ్లండులో విత్తే యంత్రాన్ని రూపొందించిన జెత్రో టల్ ఎరువుకు పెద్ద ప్రాధాన్యం ఇవ్వలేదు. నేలను బాగా గుల్లచేస్తే చాలునని అతడి నమ్మకం. తరువాతి శతాబ్దంలో ఎముకల పొడి, గ్వానో వ్యవసాయంలోకి వచ్చాయి. 1842లో జాన్ బెన్నెట్ లాస్ సూపర్ ఫాస్ఫేట్ తయారీకి పేటెంటు పొందాడు. ఎరువు పొడిగా మారి, తక్కువ పరిమాణంలో ఎక్కువ విలువ కలిగిన సరుకు అయ్యాక, విత్తనంతోపాటు ఎరువునూ సాలులో వేసే యంత్రాలకు అక్కడ ఆదరణ పెరిగింది. అంటే, ఎరువు రూపం మారినప్పుడే ఎరువు పెట్టె అవసరమైంది.

3. డెల్టాకు ముందు, మెట్టకు తరువాత

మన ప్రాంతంలో ఈ క్రమానికి మరో అంశం తోడైంది. సింద్రీ కర్మాగారం 1951లో ఉత్పత్తి ప్రారంభించింది. సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకం 1960 దశకారంభంలో మొదలైనప్పుడు దేశంలో తొలుత ఎంపికైన జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. విశాఖపట్నంలో కోరమాండల్ ఎరువుల కర్మాగారం 1967లో పని మొదలుపెట్టింది.

రసాయనిక ఎరువు ఈ విధంగా మొదట నీటి వసతి గల వరి ప్రాంతంలో వేళ్లూనుకుంది. మాగాణిలో ఎరువును చేత్తో చల్లుతారు, అక్కడ గొర్రుతో పని లేదు. గొర్రు ఉన్న మెట్టలో వానపై భరోసా లేదు, కనుక ఎరువుకు డబ్బు పెట్టే ధైర్యమూ లేదు. ఎరువు ఉన్నచోట గొర్రు లేదు, గొర్రు ఉన్నచోట ఎరువు లేదు. ఈ రెండూ కలుసుకోవడంలో జరిగిన ఆలస్యానికి ఇది ప్రధాన కారణం.

అఖిల భారత సమన్వయ మెట్ట వ్యవసాయ పరిశోధన పథకం 1970లో మొదలైంది. అందులో హైదరాబాద్, అనంతపురం కేంద్రాలకు చోటు దక్కింది. 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్, 1985లో హైదరాబాద్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడ్డాయి. గొర్రుకు ఎరువు అమరిక చేర్చే ప్రయత్నాలకు ఈ సంస్థలు వేదికలయ్యాయి.

4. రెండో జడ్డిగం: సమస్యలు, పరిష్కారాలు

భాస్వరం నేలలో దాదాపు కదలదు. ఎర్ర నేలల్లోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్‌లు దానిని పట్టి ఉంచుతాయి. పొలమంతా చల్లితే మొక్కకు అందేది తక్కువ. అందుకే వేరుకు దగ్గరగా, పట్టీలా వేయాలి. అలాగని గింజకు తగిలేలా వేయకూడదు. ఎరువులోని లవణాలు గింజకు అందవలసిన తేమను లాగేస్తాయి. యూరియా నుంచి వెలువడే అమ్మోనియా మొలకను చంపుతుంది. గింజకు సుమారు 5 సెంటీమీటర్లు పక్కగా, మరో 5 సెంటీమీటర్లు లోతుగా ఎరువు పడాలన్న సూత్రం ఈ కారణంగానే స్థిరపడింది. కనుక గింజల్లో ఎరువు కలిపి అదే గొట్టంలో పోయడం పరిష్కారం కాదు. రెండో జడ్డిగం, దానికి వేరే గొట్టాలు, వేరే లోతు కావాలి.

ఎడ్ల గొర్రుకు తొలుత ఏర్పడిన సులభమైన అమరిక ఇదే: గింజకు ఒక జడ్డిగం, ఎరువుకు మరొకటి. ఒకరు గింజ పోస్తే, మరొకరు ఎరువు పోస్తారు. ఇందులో చేతికి ఎంత నియమం కావాలో లెక్కవేసి చూడవచ్చు. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్ల ఎడం ఉంటే ఎకరంలో సాళ్ల మొత్తం పొడవు దాదాపు 13,500 మీటర్లు. ఎకరానికి 50 కిలోల డి.ఎ.పి. బస్తా వేయాలంటే మీటరు సాలుకు 4 గ్రాములకన్నా తక్కువే పడాలి. మూడు పళ్ల గొర్రు అయితే ఎడ్ల నడక వేగానికి పిడికిలి నుంచి సెకనుకు 8 గ్రాముల చొప్పున, ఎక్కడా ఆగకుండా, మూడు రంధ్రాలకూ సమంగా జారాలి.

పిడికిలి చేసే ఈ పనిని యంత్రానికి అప్పగించడం తరువాతి దశ. నేలపై దొర్లే చక్రం తిరిగినప్పుడు పెట్టెలోని గాళ్ల రోలరు కొలత ప్రకారం గింజనూ ఎరువునూ వదులుతుంది. గింజ విషయంలో ఇది తేలికగానే సాధ్యమైంది. ఎరువు మాత్రం గాలిలోని తేమను పీల్చి గడ్డకడుతుంది, రంధ్రాన్ని పూడుస్తుంది, ఇనుమును తుప్పు పట్టిస్తుంది. గుళిక రూపంలోని ఎరువులు, ప్లాస్టిక్ భాగాలు వచ్చాక ఈ ఇబ్బంది తగ్గింది.

అయితే సాంకేతిక పరిష్కారం దొరకడం, రైతు దానిని స్వీకరించడం ఒకటి కాదు. ఇక్రిశాట్ పరిశోధనల్లో వాడిన చక్రాల బహుళ సాధన వాహనం ‘ట్రాపికల్టర్’ దున్నడానికి, విత్తడానికి, ఎరువు వేయడానికి అనువైనది. పాల్ స్టార్కీ 1988లో ఇలాంటి వాహనాలపై వెలువరించిన గ్రంథం పేరులోనే వాటి గతి ఉంది: పరిపూర్ణమైనా తిరస్కృతం. ఖరీదు, బరువు, ఊరి కమ్మరి చేతికి లొంగని మరమ్మతు దీనికి అడ్డంకులు. కొయ్య గొర్రు ఊరి వడ్రంగి చేతిలో పుట్టింది, అక్కడే బాగుపడింది. కొత్త సాధనం ఆ బంధాన్ని తెంచింది. తరువాతి దశాబ్దాల్లో ఎడ్లు తగ్గి ట్రాక్టరు వచ్చాకనే ఎరువు – విత్తన గొర్రు మెట్టలో విస్తరించింది. అప్పటికి చాలామంది రైతులకు అది సొంత సాధనంగా కాక అద్దె సాధనంగా అందింది.

5. నమోదు కాని చేయి

జడ్డిగంలో గింజ పోసేది తరచుగా స్త్రీ. గొర్రు తోలే పురుషుడి పని చిత్రాల్లోనూ వర్ణనల్లోనూ కనిపిస్తుంది. పిడికిలి పట్టును గింజ పరిమాణానికి, ఎడ్ల నడకకు, నేల పదునుకు తగినట్లు మార్చుకునే స్త్రీ నైపుణ్యం మాత్రం ‘చేతితో వదలడం’ అన్న ఒక్క పదబంధంగా సాంకేతిక రచనల్లో కుదించుకుపోయింది. యంత్రం రూపొందించినవారు ఆ చేతిని కొలత తప్పే భాగంగా చూశారు. వాస్తవానికి రోలరు నేర్చుకోవలసిన కొలత ఆ చేతిదే.

దీనిని గతవైభవంగా కీర్తించడం తగదు. రోజంతా గొర్రు వెంట నడవడం కష్టమైన పని, రసాయనిక ఎరువును ఒట్టి చేత్తో పోయడం చర్మానికి హాని. యంత్రం ఆ బాధను తొలగించింది. దానితోపాటే అదనులో దొరికే కూలినీ, ఆ పనికున్న గౌరవాన్నీ తొలగించింది. రెండింటినీ కలిపి చెప్పినప్పుడే అది చరిత్ర అవుతుంది.

భాషాపరంగా ఒక విషయం గమనార్హం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం 1962లో వెలువడింది. అప్పటికి విశాఖ కర్మాగారం ఇంకా పని మొదలుపెట్టలేదు, మెట్ట పరిశోధన పథకమూ లేదు. అంటే కొయ్య గొర్రు లోకం మారకముందే దాని పదజాలాన్ని సేకరించే అవకాశం ఆ కోశానికి దక్కింది. దాని తరువాత వచ్చిన ఎరువు పెట్టె, రోలరు, గొట్టాల అమరికలకు రైతులు, మెకానిక్కులు పెట్టుకున్న పేర్లకు అంతటి శాస్త్రీయ సేకరణ జరగవలసి ఉంది.

6. ముగింపు

గొర్రుకు ఎరువు అమరిక చేరడం ఒక పెట్టెను అదనంగా బిగించడంతో ముగిసిన విషయం కాదు. ఎరువు బండి నుంచి బస్తాకు మారింది, విత్తే కొలత పిడికిలి నుంచి రోలరుకు మారింది, సాధనం వడ్రంగి కొట్టం నుంచి కర్మాగారానికి మారింది. ఈ మూడు మార్పుల్లో మొదటిదానికి ఉత్పత్తి లెక్కలు, మూడోదానికి సంస్థల నివేదికలు ఆధారాలుగా ఉన్నాయి. రెండోదానికి ఆధారం జడ్డిగం పట్టిన స్త్రీల జ్ఞాపకమే. ఆ తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. మెట్ట జిల్లాల్లో పనిచేసే తెలుగు శాఖలు క్షేత్ర పర్యటనలతో వారి మాటలను, పని పదాలను నమోదు చేయడం తక్షణ అవసరం. ఇంకొక తరం గడిస్తే ఈ చరిత్రలో యంత్రం మాత్రమే మిగులుతుంది.