హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు: స్పృహకూ మత్తుకూ నడుమ

మనిషి స్పృహ కోల్పోవడం అనాదిగా ఉన్నదే అయినా, వైద్యుడు కావాలని ఆ స్థితిని కలిగించి, పని ముగిశాక రోగిని మళ్లీ తెలివిలోకి తీసుకురాగలగడం పంతొమ్మిదో శతాబ్దం నడిమి సంవత్సరాల్లోనే నమ్మకంగా సాధ్యపడింది. 1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్ ఆవిరి పీల్పించి చేసిన శస్త్రచికిత్స ఫలించిన తరువాత, దానంత ఘాటులేని మందు కోసం వెతికిన ఎడిన్‌బరో ప్రసూతి వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్, 1847 నవంబరులో ఒక రాత్రి ఇద్దరు సహాయకులతో కలిసి తన భోజనాల బల్ల దగ్గరే క్లోరోఫాం పీల్చి చూశాడు. తియ్యటి వాసనగల ఆ ద్రవం మొదట ముగ్గురికీ హుషారు తెప్పించి, ఎడతెగకుండా మాట్లాడించి, కాసేపటికే నేలమీద పడవేసింది.

మత్తులోకి ఈ దిగుడును అంచెలుగా విడదీసి చూసినవాడు లండన్ వైద్యుడు జాన్ స్నో. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని వాదించిన స్నో ఇతడే. అతడు 1847లో ఈథర్ మత్తును ఐదు దశలుగా వర్గీకరించి, తరువాత అదే పద్ధతిని క్లోరోఫాంకూ వర్తింపజేశాడు. మొదటి దశలో మనిషికి తానెక్కడున్నదీ, చుట్టూ ఏం జరుగుతున్నదీ తెలుస్తూనే ఉంటుంది. ఒళ్లు వెచ్చబడుతుంది, తల తేలికవుతుంది, చెవుల్లో హోరు మొదలవుతుంది, పక్కనున్నవారి మాటలు వినబడుతూనే దూరమవుతాయి. రెండో దశలో మనసు పనిచేస్తుంది గాని పొందిక తప్పుతుంది, కాబట్టి కొందరు నవ్వుతారు, కొందరు ఏడుస్తారు, కొందరు ముఖం మీది గుడ్డను లాగిపారేయడానికి పెనుగులాడతారు. మూడో దశలో బుద్ధి పనిచేస్తున్న జాడ కనిపించకపోయినా కాళ్లూ చేతులూ అప్రయత్నంగా కదలవచ్చు, నాలుగో దశలో ఊపిరి కదలిక తప్ప మరేదీ మిగలదు, ఐదో దశలో ఆ ఊపిరే తడబడుతుంది. తెలుగు అపరాధ పరిశోధక నవలల్లో జేబురుమాలు ముక్కుకు తాకగానే మనిషి కుప్పకూలే ఘట్టం ఎంత ప్రసిద్ధమైనా, ఈ దశలు గడవడానికి నిమిషాలు పడతాయనీ, ఎదురుతిరిగే మనిషిని దొంగచాటుగా మత్తులో ముంచడం సాధ్యం కాదనీ స్నో 1850 ప్రాంతంలోనే గట్టిగా వాదించాడు. రచయితలు అతడి మాటను లెక్కచేసినట్టు లేదు.

సమస్య మరణాలతో మొదలైంది. క్లోరోఫాం వాడుకలోకి వచ్చిన మూడు నెలలకే, 1848 జనవరిలో న్యూకాజిల్ సమీపంలో కాలిగోరు తీయించుకోవడానికి వచ్చిన పదిహేనేళ్ల అమ్మాయి, భయంతో వెక్కుతూనే మందు పీల్చి, కొద్ది నిమిషాల్లో చనిపోయింది. ఇటువంటి చావుల్లో ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న ప్రశ్న మీద బ్రిటిష్ వైద్యులు రెండు వర్గాలయ్యారు. లండన్ వైద్యులు ఎక్కువగా నాడి పట్టుకు కూర్చుంటే, ఎడిన్‌బరో సంప్రదాయంలో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ శిష్యులు నాడిని వదిలి శ్వాసనే గమనించమన్నారు.

సైమ్ శిష్యుల్లో ఒకడైన ఎడ్వర్డ్ లారీ, హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా, హైదరాబాదు మెడికల్ స్కూలు అధిపతిగా ఉంటూ ఈ వాదాన్ని మూసీ ఒడ్డుకు తెచ్చాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ పోషణలో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ వీధి కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది శ్వాసేనని తేల్చింది. లండన్ వైద్య పత్రిక ‘లాన్సెట్’ ఆ ఫలితాన్ని శంకించగా, పత్రిక తరఫున ఒక నిపుణుడిని పంపడానికి నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ ఔషధ శాస్త్రవేత్త వచ్చి రెండో కమిషన్‌లో చేరాడు. గుండె మీద సందేహంతో ఓడ దిగిన బ్రంటన్ వందలాది జంతువుల మీద ప్రయోగాలు చూసి లారీ పక్షానికే మారిపోవడం ఆనాటి వైద్యలోకంలో పెద్ద సంచలనం.

లారీ బోధించిన పద్ధతి కట్టుదిట్టంగా ఉండేది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ, కడుపు కదలిక కనబడేలా బట్టలు వదులుచేసి, మందు పీల్పిస్తూ రోగి క్రమంగా ఊపిరి తీసేలా చూడాలి. ఊపిరి బిగబట్టితే మందును ముఖం నుంచి తప్పించాలి, ఎందుకంటే ఆ తరువాత తీసే పెద్ద ఊపిరితో మోతాదుకు మించిన ఆవిరి లోపలికి పోతుంది. కంటి నల్లగుడ్డును వేలితో తాకినా రెప్ప వాలకపోతే శస్త్రచికిత్సకు తగినంత మత్తు వచ్చినట్టే, అక్కడితో మందు ఆపాలి. హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదివి 1889లో పట్టా పొందిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యురాలిగా పరిగణిస్తారు; ఆమె 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు కూడా చదివింది.

ఈ పద్ధతిలో అన్నీ బయటి గుర్తులే: రెప్ప, కడుపు, గొంతులో గురక. రోగి లోపల ఏం జరుగుతున్నదో అడిగే అవకాశం కుక్కలతో ఎలాగూ లేదు, మనుషుల్లోనూ అవసరమనిపించలేదు. అయితే తెలివి తిరిగి వచ్చే తీరు గురించి ఆనాటి రోగులు విలువైన సాక్ష్యమే మిగిల్చారు. నిద్ర లేచినవాడికి రాత్రి గడిచిందన్న ఎరుక కొంతైనా ఉంటుంది, క్లోరోఫాం నుంచి లేచినవాడికి అది కూడా ఉండదు. పోయిన క్షణమూ వచ్చిన క్షణమూ ఒకదానికొకటి అతుక్కుపోయి, నడుమ కాలమే లేనట్టు తోస్తుంది. 1846 డిసెంబరులో లండన్‌లో రాబర్ట్ లిస్టన్ ఈథర్ కింద కాలు తీసివేసిన రోగి, లేవగానే ఇంకా ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడని చెప్పుకుంటారు. తెలివి వచ్చేటప్పుడు శబ్దం ముందు రొదగా, తరువాత మాటగా, ఆ తరువాత తెలిసిన గొంతుగా చేరుతుంది. తానెక్కడున్నదీ అర్థమయ్యేలోపే వికారం, వాంతి ముంచుకొస్తాయి. ‘నేనెక్కడున్నాను’ అని స్పష్టంగా పలికే సినిమా కథానాయకుడు ఈ తూలుడునూ వాంతులనూ దాటవేస్తాడు.

కమిషన్ తీర్పు నిలవలేదు. 1911లో లండన్ వైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, లోతైన మత్తులో కాక పలచని మత్తులోనే గుండె కింది గదులు లయ తప్పి వృథాగా వణికి ఆగిపోతాయని చూపాడు. పై నుంచి ఎడ్రినలిన్ ఎక్కించినా, జంతువు కలవరపడినా ఆ వణుకు మొదలయ్యేది. ఎడ్రినలిన్ అంటే భయంలోనూ ఉద్రేకంలోనూ శరీరం రక్తంలోకి వదిలే రసాయనం. హైదరాబాదులో మోతాదు పెంచుకుంటూ లోతుకు తీసుకుపోయిన జంతువుల్లో లారీ చెప్పినట్టే ఊపిరి ముందు ఆగింది, కాబట్టి అతడు చూసినది అబద్ధం కాదు. అయితే స్నో చెప్పిన రెండో దశలో, తెలివి సగమే పోయి భయం పూర్తిగా మిగిలిన రోగి పెనుగులాడే ఆ నిమిషాల్లోనే క్లోరోఫాం ఎక్కువగా చంపింది. న్యూకాజిల్ అమ్మాయి ఏడుపును అరవై ఏళ్లపాటు ఎవరూ వైద్య లక్షణంగా లెక్కించలేదు.