ఉపన్యాసపీఠమును మన యుత్తరాంధ్రసీమయు

 

‘ఉపన్యాస’ మను సంస్కృతపదమునకు ‘దగ్గరగా నుంచుట’ యని మూలార్థము. పండితుడు తా నార్జించిన జ్ఞానమును వినువాని చెంతకు గొనివచ్చి యుంచుటయే ఉపన్యాసము. సంఘమును గూర్చియు, రాజ్యతంత్రమును గూర్చియు, కళలను గూర్చియు విశ్వకళాపరిషత్తులందు బహిరంగముగా జరుగు ఉపన్యాసములు మన సీమకు ఎట్లు వచ్చినవో, వానివలన మన సంఘము గ్రహింపదగిన దేమో ఈ మహాసభాసంచికయందు విన్నవింప నుద్యమించితిమి.

విశ్వకళాపరిషత్తు రాకపూర్వము మన జనులకు వేదిక లేకపోలేదు. గుడిమండపమున పురాణకాలక్షేపము, వీధిపందిటిలో హరికథ యుండెను. బొబ్బిలి చెంతనున్న అజ్జాడలో 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథాపితామహులని ఖ్యాతి గాంచిరి. 1919లో విజయనగరమున సంగీతకళాశాల యేర్పడగా దానికి ప్రథమాధ్యక్షులైరి. హరికథాపందిటిలో పండితుడును పామరుడును ఒక్కచోట గూర్చుండి వినిరి. అది గొప్ప లాభమే. కాని కథకుని నిలిపి, ‘దీనికి ప్రమాణ మేది?’ యని యడుగు ఆచారము అచ్చట లేదు. ఆ ప్రశ్న మనకు ఆధునికకళాశాల నేర్పిన విద్య.

విజయనగర ప్రభువులు 1857లో పాఠశాల నెలకొల్పిరి. అదే సంవత్సరమున మద్రాసు విశ్వవిద్యాలయమును స్థాపింపబడెను. 1879 నాటికి ఆ పాఠశాల కళాశాలయయ్యెను. అచ్చటి విద్యార్థులలో ఇరువురు సహాధ్యాయులు మనకు ప్రాతఃస్మరణీయులు. ఒకరు గురజాడ అప్పారావుగారు. రెండవవారు 1863లో శ్రీకాకుళప్రాంతమందలి పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తిగారు. గిడుగువారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, తమంతట తామే ప్రాచీనలిపులు నేర్చి, శకము 979 నాటి వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’యందు ప్రకటించిరి. తూర్పుగాంగుల కళింగనగరము మన శ్రీముఖలింగమే యని ప్రతిపాదించిరి. అంతటితో నిలువక కొండలెక్కి సవరల భాష నేర్చి, వారి బిడ్డలకు బడులు పెట్టి, 1931లో ఆ భాషనుగూర్చి గ్రంథము వెలువరించిరి. ‘దగ్గరగా నుంచుట’ యనగా నిదియే కదా!

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడెను. మొదట బెజవాడయందుండి, 1930లో వాల్తేరునకు మారెను. ప్రథమోపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణగారు. రాధాకృష్ణగారు అంతకుముందే, 1926లో, ఆక్సుఫర్డునందు అప్టను నిధి పక్షమున హిందూధర్మమును గూర్చి ఉపన్యసించి, దానిని గ్రంథముగా ప్రకటించియుండిరి. వారి కాలముననే, 1933లో, రవీంద్రనాథఠాకూరు వాల్తేరునకు వచ్చి ‘మానవుడు’ అను విషయమును గూర్చి ఉపన్యసించిరి. అది సర్ అల్లాడి కృష్ణస్వామయ్యగారి పేరిట నెలకొన్న ఉపన్యాసనిధి పక్షమున జరిగినది. 1937లో విశ్వకళాపరిషత్తు ఆ ఉపన్యాసములను గ్రంథముగా ముద్రించినది. నాడు వేదికపై పరచిన తివాచీ యేమైనదో, కట్టిన తోరణము లేమైనవో ఎవరెరుగుదురు? గ్రంథము మాత్రము నేటికిని నిలిచియున్నది.

ఐనను ఆ ఉపన్యాసములు ఆంగ్లమున జరిగినవి. ఆంగ్లమెరుగని రైతునకు, గృహిణికి వానివలన కలిగిన లాభ మేమి? ఈ చిక్కు కొత్తది కాదు. గురజాడవారు 1911లో మద్రాసు విశ్వవిద్యాలయ సభ్యులుగా నియమింపబడి, తెలుగు వ్యాసరచనలో జనులాడు భాషకును తావుండవలయునని వాదించి, 1914లో తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. మరుసటి యేటనే పరమపదించిరి. మేము సంస్కృతమునను గ్రాంథికమునను పెరిగినవారము. వ్రాతయందు ఈ శైలి మాకు ప్రియమైనది. ఐనను వేదికపై నిలిచినవాడు వినువాని మాటలోనే మాటలాడవలయు ననుట మా దృఢాభిప్రాయము. వినువానికి తెలియని పలుకు దూరముగా నుంచిన అన్నము వంటిది, ఆకలి తీర్పదు.

ఇక మన సంఘము మాట. కులచరిత్రలన్న నెల్లరకును ప్రీతి. ప్రతి కులమువారును తమ మూలపురుషుని సూర్యచంద్రవంశములందో, ఋషిగోత్రములందో వెదకుచున్నారు. అట్టి కథలు విని కరతాళధ్వనులు చేయుట సులభము. మన పూర్వులు ఏ చెరువు త్రవ్విరి, ఏ పంట పండించిరి, ఏ శాసనమున వారి పేరు కలదు, ఏ అన్యాయమును సహించిరి, ఏ అన్యాయమును తామే యితరులకు చేసిరి—ఇవి విచారించుట కష్టము. కాని పిల్లలకు ఆత్మగౌరవము నిచ్చునది ఈ రెండవదే. ప్రమాణము లేని ఘనత మొదటి ప్రశ్నకే కూలును. ముప్పదియేండ్లకు పైగా బడిలో పాఠము చెప్పిన మాకు తెలిసిన దొక్కటి: ప్రశ్నింప భయపడు బాలుడు పెద్దవాడైన పిదపను విన్నదెల్ల నమ్మును.

నేడు విశ్వవిద్యాలయములు మనకు దూరము కావు. ఎచ్చెర్లలో 2008 నుండి అంబేద్కరు విశ్వవిద్యాలయమును, విజయనగరమున 2019 నుండి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమును కలవు. కావున పోషకులకు మా మనవి యిది. పూలదండలకును, తోరణములకును, సన్మానశాలువలకును అగు వ్యయములో కొంత తగ్గించి, ఒక శాశ్వత ఉపన్యాసనిధి నెలకొల్పుడు. ఏటేట మహాసభలో ఒక పండితుని, ఏ కులమువారైనను సరే, పిలిపించి, మన సీమయొక్క సంఘచరిత్రను తేటతెలుగున చెప్పింపుడు. స్త్రీలకును విద్యార్థులకును ముందువరుస నిండు. ఉపన్యాసమునకు ఎంత కాలమో, ప్రశ్నలకును అంత కాల ముంచుడు. పిదప దానిని ముద్రించి గ్రామగ్రంథాలయములకు పంపుడు.

మెచ్చుకోలు వినుటకు మహాసభలు చాలును. నిజము వినుటకు ఈ పీఠము కావలయును. పెద్దలు ఆలోచింతురుగాక.