కిక్కిస చాటున కొర్రమీను

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వచ్చేసరికి కొల్లేరు తగ్గిపోయేది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన వాననీళ్లలో చాలావరకు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోయేవి. మిగిలినవి గుంటల్లోనూ కోడుల్లోనూ నిలిచేవి. చేపలూ అక్కడికే చేరేవి. కైకలూరులో మా తాతయ్య చూరులోంచి గాలం కర్ర తీసేది అప్పుడే.

కొల్లేటి వేట అనగానే అందరూ చేపలు పట్టే వడ్డెల మావులు, ఊతలు, వలలు, తాటిదోనెల గురించే చెబుతారు. అది న్యాయమే, సరస్సు బతికించింది వాళ్లని. గాలం ఎవరి కులవృత్తీ కాదు కాబట్టి దాని ఊసు పెద్దగా ఎవరూ ఎత్తరు. నాకు తెలిసింది తాతయ్య పక్కన నిలబడి చూసిందే.

కొర్రమీను నీళ్లలో ఉన్నా పైగాలి పీల్చనిదే బతకలేదు. ఉండుండి పైకొచ్చి ఒక గుటక వేసి మునుగుతుంది. కిక్కిస మొదట్లోనో అల్లి ఆకుల మధ్యనో ఆ చిన్న అలికిడి కోసమే తాతయ్య గంటలు గంటలు చూసేవాడు. పొడుగాటి వెదురు కర్ర చివర పేనిన దారం, దానికి గాలం, గాలానికి బతికున్న చిన్న కప్ప. కప్పను నీటిలో ముంచేవాడు కాదు. ఆకు మీంచి ఆకు మీదికి గెంతుతున్నట్టు పైపైన తాకించి లేపేవాడు. "నీ నీడ నీళ్ల మీద పడనీకురా, అది పైకే చూస్తుంటుంది" అనేవాడు. ఒక్కసారిగా నీరు పగిలి కప్ప మాయమయ్యేది. నా చెయ్యి కర్ర మీదికి పోతే, "ఆగు, మింగనీ" అని పట్టుకునేవాడు. తొందరపడితే ఖాళీ గాలం తిరిగొస్తుంది.

నీలగిరుల్లో తెల్లదొరలు వాగుల్లో ట్రౌట్ చేపల్ని తెచ్చి వదిలి, ఈకలూ దారమూ ఈగలా చుట్టిన గాలంతో పట్టేవారని పెద్దయ్యాక చదివాను. చల్లటి నీళ్ల చేప అది, మా కొల్లేట్లో బతకదు. కానీ ఆ వేట వర్ణన చదువుతుంటే నాకు తాతయ్యే కనిపించాడు. చేప పైకి లేచే చోటు కనిపెట్టడం, ప్రాణమున్న ఎర వచ్చి వాలిందని దాన్ని నమ్మించడం, అదే పని.

1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేటిలో మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించింది. తర్వాత పెట్టుబడులున్నవాళ్లు దిగారు, గట్లు సరస్సు నడుముదాకా పాకాయి, ఊరి చుట్టూ వరిచేలు కూడా చెరువులయ్యాయి. బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో కలకత్తా లారీలెక్కాయి. ఆ డబ్బుతోనే మా వీధిలో పెంకుటిళ్లు డాబాలయ్యాయి, పిల్లలు చదువుకున్నారు. మా ఇంట్లోనూ అంతే. అది కాదనను.

కానీ చెరువులో కొర్రమీను శత్రువు. చేపపిల్లల్ని తినేస్తుంది. అందుకని సీడు వదిలే ముందు ఇప్పచెక్క చల్లి ఉన్న చేపలన్నిటినీ చంపేస్తారు. మా తాతయ్య పేరుపెట్టి పిలిచే జెల్ల, మార్పు, గొరక, బొమ్మిడాయి అన్నీ ఆ లెక్కలోనే పోయాయి. 1999లో కొల్లేరును ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టారు. ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి జనం వస్తున్నారు. చేపల కోసం అలా ఎవరూ రారు, నీళ్ల కింద పోయినవి కంటికి కనిపించవు కదా.

మొన్న ఫాల్గుణంలో ఆలపాడు రోడ్డు పక్క కాలువ తూము దగ్గర ఇద్దరు కుర్రాళ్లు నైలాను దారంతో గాలం వేస్తున్నారు. ఎర వానపాము. సంచిలో ఉన్నవి తిలాపియాలు. కొర్రమీను పడుతుందా అంటే, వానల్లో ఒకటి పడిందని పెద్దవాడు చేత్తో కొలత చూపించాడు. చిన్నవాడు మాట్లాడలేదు. పొద్దు వాడి వీపు వెనక ఉంది. నేను చూస్తుండగానే తల దించి, నీడ కాలువలో పడకుండా రెండడుగులు వెనక్కి జరిగాడు.